తప్పు గోడలో లేదు

పోయిన వారం రాయదుర్గంలో మా ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని ఉండగా, కొత్తగా ఇల్లు కొన్న సహోద్యోగి ఒకడు అడిగాడు. హాల్లో స్పీకర్లను గోడ లోపలే కనబడకుండా బిగించుకోవాలట. "మీ ఇంట్లో చేసిందెవరు? నంబరుంటే ఇవ్వు."

ఫోన్‌లో 'గోడ స్పీకర్ల అన్న' అని వెతికి అప్పటికప్పుడే చేశాను. ఆయనే ఎత్తాడు. మోకాలికి ఆపరేషన్ అయిందట, నిచ్చెన ఎక్కడం మానేశాడట.

"ఇగ ఆ పని నాతోని కాదు సార్. గోడ చూపిస్తే ఏడ కొయ్యాల్నో చెప్త గని, కోసుడు వేరేటోళ్లు చెయ్యాలె."

గొంతు మునుపటిలాగే ఉంది. ఆయన గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ మాటే అడిగాను. "రాసుకోండ్రి, పేరు మాత్రం వద్దు," అన్నాడు. అందుకని ఇందులో ఆయన పేరు లేదు.

నాలుగేళ్ల కిందట మేము ఖాజాగూడలో ఫ్లాట్ కొనుక్కున్నాం. మేమంటే నేనూ, మా ఆవిడ మాధవీ. ఇద్దరిదీ కడప జిల్లా, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఇంట్లో మంచి సౌండుతో సినిమాలు చూడాలన్నది నా సరదా. హాల్లో నేల మీద పెట్టెలూ, వాటి చుట్టూ వైర్లూ ఉండకూడదన్నది మాధవి షరతు. మధ్యేమార్గంగా గోడలో బిగించే స్పీకర్లు కొన్నాం. షాపువాళ్లు డబ్బాలు ఇంటికి పంపి, బిగించే మనుషులు తమ దగ్గర లేరన్నారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరో ఆయన నంబరిచ్చారు.

వచ్చినాయన వయసు అరవైకి దగ్గరగా ఉంటుంది. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గోరింటాకు పెట్టిన జుట్టు, మణికట్టు దాకా గుండీలు పెట్టిన ఫుల్ చేతుల చొక్కా. కుడి చెవి మీద పెన్సిల్ ముక్క. డబ్బాలవైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా టీవీ ఉన్న గోడ దగ్గరికి వెళ్లి వేలి కణుపుతో తట్టాడు. తట్టి, వెంటనే అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగాడు. ఇంకో జానెడు జరిగి మళ్లీ తట్టాడు. డాక్టరు రోగి వీపు మీద తట్టి చూసినట్టుంది.

"ఇది ఇటుక గోడ కాదు సార్, మొత్తం కాంక్రీటు," అన్నాడు. "దీన్ని కోస్తే బిల్డింగోళ్లు నన్ను కోస్తరు. దీని ముంగట ఇంకో పల్చని గోడ లేపుదాం. ఇనుప పట్టీలు, మీద బోర్డు. నాలుగంగులాలు జాగ పోతది, గంతే."

తర్వాత అడిగిన ప్రశ్న ఇంకా గుర్తుంది. "టీవీ చూసెటప్పుడు ఎవరు ఏడ కూసుంటరు?"

మేమిద్దరం సోఫాలో కూర్చున్నాం. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఫొటో దిగెటట్టు కాదు. రోజు ఎట్ల కూసుంటరో గట్ల కూసోండ్రి."

మాధవి నవ్వి, కాళ్లు పైకి పెట్టుకుని కుషన్‌కి ఆనుకుంది. నేను అలవాటు ప్రకారం జారగిలబడ్డాను. ఆయన టేపు తీసి మా చెవుల దగ్గర్నుంచి నేల దాకా కొలిచాడు. దర్జీ కూడా అంత శ్రద్ధగా కొలవడు. చెవి మీది పెన్సిల్ తీసి ఆ కొలతలు గోడమీదే రాసుకున్నాడు.

పని మూడు రోజులు నడిచింది. ఆయన ఒంటరిగానే చేసుకునేవాడు. స్పీకర్‌తో పాటు వచ్చిన అట్టను బోర్డుకి అంటించి, చుట్టూ గీత గీసి, ఆ గీత మీదనే కోసేవాడు. స్పీకర్ చట్రానికి నాలుగు చిన్న రెక్కలుంటాయి. స్క్రూ తిప్పితే అవి విచ్చుకుని వెనకనుంచి బోర్డును పట్టుకుంటాయి. ఆ స్క్రూలు ఆయన చేత్తోనే తిప్పేవాడు. డ్రిల్లు మెషీన్ పక్కనే ఉండేది, ముట్టుకునేవాడు కాదు. ఎందుకని అడిగాను.

"మెషీన్‌కు ఆగుడు తెల్వది సార్. బోర్డు పగిలినంక ఆగుతది."

వైర్లు సరిగా కలిపాడో లేదో చూసుకోవడానికి ఆయన దగ్గర చిన్న పెన్సిల్ సెల్ ఒకటుండేది. దాన్ని వైరు కొసలకు తాకిస్తే అవతల గోడలో స్పీకర్ 'టప్' మని కదులుతుంది. దాని మీద వేలు పెట్టి చూసేవాడు. ముందుకొస్తే వైరు సరిగా ఉన్నట్టు, వెనక్కిపోతే తిరగబడినట్టు. బేస్ మోగేటప్పుడు గోడంతా అరచేత్తో తడిమేవాడు. ఒకచోట ఆగి, "ఈడ ఏదో వణుకుతున్నది," అన్నాడు. నాకేమీ వినిపించలేదు. చూస్తే స్విచ్‌బోర్డు మూత ఒక పక్క వదులుగా ఉంది.

"చెవి మోసపోతది సార్. చెయ్యి మోసపోదు," అన్నాడు. సౌండు పనిచేసే మనిషి ఆ మాట అనడం నాకు తమాషాగా అనిపించింది.

ఆయనలో మాకు అర్థం కానివి ఒకటి రెండున్నాయి. మనం ఏదైనా చెప్పబోతే మన చుట్టూ తిరిగి, మనల్ని తన ఎడమవైపు ఉంచుకుని నిలబడేవాడు. వెనకనుంచి మాధవి "అన్నా, టీ తాగుతారా?" అని రెండుసార్లు అడిగితే పలకలేదు. "చెయ్యి మంచిదే గానీ కొంచెం గర్వముండాది," అని మాధవి నాతో అంది.

మూడోరోజు పరీక్ష. వానజల్లు లాంటి 'షా' అనే చప్పుడును ఒక్కొక్క స్పీకర్‌లోంచే వదిలి, మమ్మల్ని కళ్లు మూసుకుని ఎటునుంచి వస్తోందో వేలు చూపించమన్నాడు. ఇద్దరం సరిగ్గానే చూపించాం. ఏది ఎక్కువైందో ఏది తక్కువైందో మమ్మల్నే అడిగి, మేం చాలనేదాకా సర్దాడు.

"మీకెలా ఉందన్నా?" అన్నాను.

"నాకెట్లుంటే ఏంది సార్? నేను బిగించి పోత. ఇనేది మీరు."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, మరునాడు ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. కస్టమర్ అంటే ఇలా చూడాలి అని.

పరీక్ష జరిగింది గురువారం. శనివారం పొద్దున లేచేసరికి నా ఎడమ చెవి మూసుకుపోయినట్టుంది. స్నానం చేసేటప్పుడు నీళ్లు పోయుంటాయనుకున్నాను. ఆఫీసు ఏసీకి జలుబు చేసిందేమోనని కూడా అనుకున్నాను. సన్నగా 'కుయ్' మని ఒక మోత మాత్రం వదలడం లేదు. ఆదివారం మధ్యాహ్నం సినిమా పెట్టుకుని కూర్చుంటే ఎడమవైపు స్పీకర్ పలకడం లేదు. పలికినా దిండు కప్పినట్టుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. చెవికీ స్పీకర్‌కీ సంబంధముంటుందన్న ఆలోచన ఒక్క క్షణం కూడా రాలేదు.

సోమవారం ఇంటినుంచే పని. పొద్దున తొమ్మిదింటికే ఆయన వచ్చాడు.

"కొత్త స్పీకర్ మూడు రోజులకే పోతే ఎలా అన్నా? వైరు ఎక్కడో సరిగా కలపలేదు," అన్నాను. గొంతు కొంచెం పెద్దదే చేశాను.

ఆయన స్పీకర్ మీది జాలీ మూత ఊడదీశాడు. సెల్ పెట్టి చూశాడు, వేలు పెట్టి చూశాడు. బాగానే కదులుతోంది. వైర్లు మార్చి, కుడివైపు వచ్చే చప్పుడును ఎడమకు, ఎడమవైపుది కుడికి ఇచ్చాడు.

"ఇప్పుడు?"

"అదే. ఎడమవైపుది, ఆ వంటింటి వైపుదే తక్కువగా ఉంది."

మాధవి ల్యాప్‌టాప్ పట్టుకుని ఆ దారినే లోపలికి పోతూ ఆగింది. "నాకు రెండూ బాగానే వినపడతాండాయి," అంది.

"నీకు సౌండు గురించి ఏం తెలుసు?" అన్నాను. ఆమె నా మొహం చూసి, మీటింగ్ ఉందని పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆయన కాసేపు గోడను కాకుండా నన్ను చూశాడు. తర్వాత డైనింగ్ టేబుల్ దగ్గరున్న కుర్చీ తెచ్చి హాలు మధ్యలో వేసి, టీవీ వైపు వీపు పెట్టి కూర్చోమన్నాడు. ఇదేం పరీక్ష అని విసుక్కుంటూనే కూర్చున్నాను.

"ఇప్పుడు ఏది తక్కువుంది సార్?"

"బాల్కనీ వైపుది." అంటూనే తల తిప్పి చూశాను. ఇంతసేపూ నాకు కుడివైపు ఉండి, బాగా వినిపించింది ఆ స్పీకరే.

ఆయన సౌండు ఆపేశాడు. నా కుడి చెవి దగ్గర బొటనవేలూ చూపుడువేలూ రుద్దాడు. ఎండుటాకు నలిపినట్టు వినిపించింది. ఎడమ చెవి దగ్గర రుద్దాడు. వేళ్లు కదలడం ఓరకంటికి కనిపిస్తోంది, చప్పుడు లేదు.

"తప్పు గోడల లేదు సార్," అన్నాడు నెమ్మదిగా. "మీ చెవిల ఉంది. దవాఖానకు పోవాలె. ఇయాల్నే."

నేను తేలిగ్గా తీసుకోవాలని చూశాను. జలుబన్నాను, గుబిలి అన్నాను. ఈ వారం ఆఫీసులో పని ముగించి ఇవ్వాలి, శనివారం వెళ్తానన్నాను. ఆయన పడగ్గది తలుపు వైపు ఒకసారి చూసి, నా ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"ఒక్క మాట చెప్త, ఇనుండ్రి. నా ఈ కుడి చెవి ఉంది చూడుండ్రి, ఇది పెన్సిల్ పెట్టుకునెటందుకే పనికొస్తది. దీంట్ల పటాకి పేల్చినా నాకు తెల్వది."

నా చూపు ఆ పెన్సిల్ ముక్క మీదికి పోయింది.

"ఇక్కడ్నే ఖాజాగూడల నాది మైక్ సెట్ ఉండె. పెండ్లిళ్లకు, బతుకమ్మలకు నేనే కడుతుంటి. ఒక దినం పొద్దుగాల లేస్తె ఒక పక్క మైకు సౌండ్ తక్కువుంది. మైకే ఖరాబైందనుకున్న. వైర్ మార్చిన. గొట్టం మార్చిన. ఆంప్లిఫయర్ ఇప్పి మల్ల బిగించిన. ఇరవై దినాలు అన్నీ మార్చిన సార్, చెవిని మాత్రం చూసుకోలే. దవాఖానకు పోతే డాక్టరమ్మ అన్నది, మొదటి వారంల వస్తే ఏమన్న చేస్తుంటిమి, ఇప్పుడు టైం పోయింది అని. పదకొండేండ్లాయె."

ఆయన గొంతులో బాధ ఉన్నట్టు అనిపించలేదు. తొందర ఉంది.

"మీకు ఎన్ని దినాలాయె?"

"మూడు."

"మూడంటే ఇంక మీ చేతిలనే ఉంది. లేవుండ్రి."

అప్పుడు నాకు ఒక్కొక్కటే తెలిసొచ్చింది. మా చెవులతో ఎందుకు వినిపించుకున్నాడో, అరచేత్తో గోడను ఎందుకు తడిమాడో, టీ అడిగితే ఎందుకు పలకలేదో. ఒక్క చెవితో వినేవాడికి చప్పుడు తెలుస్తుంది గానీ ఎటునుంచి వస్తోందో తెలియదు. అది తెలియకుండా ఆయన ఎన్నో ఇళ్లలో ఐదేసి స్పీకర్లు బిగించాడు, ఎవరి ఇంట్లో వాళ్ల చెవులనే అప్పు తీసుకుని. ఈ సంగతి బయటపడితే ఆయన్ని పనికి పిలిచేవాళ్లుండరు. అది తెలిసే, కిందటి వారం దాకా ముఖపరిచయం లేని నాకు చెప్పాడు.

మాధవిని మీటింగ్ మధ్యలోంచి లేపాను. ఆమె కారు నడిపింది. ఆయన తన స్కూటర్ మీద మా వెనకే మాదాపూర్ దాకా వచ్చాడు. గాజు గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కుడి చెవికి టకటకా నొక్కాను. ఎడమ చెవి వంతు వచ్చాక బటన్ మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. గాజు అవతల మాధవి మొహం పాలిపోవడం కనిపిస్తోంది.

డాక్టరమ్మ కాగితం చూసి, చెవి నరానికి ఉన్నట్టుండి దెబ్బ తగిలిందనీ, ఎందుకొస్తుందో చాలాసార్లు తెలియదనీ చెప్పింది. "మందులు ఇవాళే మొదలుపెడదాం. అందరికీ తిరిగి వస్తుందని చెప్పలేను. కానీ మూడో రోజుకే వచ్చారు, అది మంచిది. చాలామంది జలుబనుకుని నెల తర్వాత వస్తారు. మీకెలా అనుమానం వచ్చింది?"

"స్పీకర్లు బిగించే ఆయన చెప్పాడు," అన్నాను. ఆమె తలెత్తి చూసింది. బయట బెంచీ మీద ఆయన చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. రోజుకు పదిసార్లు ఎడమ చెవి దగ్గర వేళ్లు రుద్దుకునేవాణ్ణి. ఆకు నలిగిన చప్పుడు కోసం. ఆయన రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసేవాడు. "ఎట్లుంది సార్?" అని అడిగి, నేను "అలాగే ఉందన్నా" అంటే, "గోలీలు మాత్రం బంద్ చెయ్యకుండ్రి," అని పెట్టేసేవాడు. ఆ దిగుల్లోనే ఒకరోజు మాధవికి ఆయన చెవి సంగతి చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంది. "పాపం, గర్వమనుకున్యానే," అంది. అది ఎవరికీ తెలియని సంగతి అని మాత్రం నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

మందులు మొదలైన ఎనిమిదో రోజు సాయంత్రం క్యాబ్‌లో ఇంటికొస్తున్నాను. కుడి చెవికి ఫోన్ పెట్టుకుని మీటింగ్‌లో ఎవరో చెప్పేది వింటున్నాను. ఖాజాగూడ మలుపు దాటాక డ్రైవర్, "గేటు లోపలికి పోవాల్నా సార్, బయట్నే దిగుతరా?" అన్నాడు.

"బయటే ఆపు," అన్నాను.

అన్నాక తెలిసింది. కుడి చెవికి ఫోన్ ఉంది. డ్రైవర్ మాట విన్నది ఎడమ చెవి.

క్యాబ్ దిగి గేటు పక్కన నిలబడి వేళ్లు రుద్దుకున్నాను. మరీ స్పష్టంగా కాదు గానీ, వినిపించింది. మళ్లీ రుద్దాను. వాచ్‌మన్ వింతగా చూస్తున్నాడు. మొదటి ఫోన్ ఆయనకే చేశాను. విషయం చెప్పాను. "ఇగ ఫికర్ లేదు సార్," అన్నాడు. ఆ మాట ఆయన నాతో అన్నట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది.

రెండు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేశారు. చాలా భాగం తిరిగొచ్చింది. బాగా సన్నని చప్పుళ్లు కొన్ని మాత్రం ఇంకా అందడం లేదు, అవి లేకపోయినా బతకొచ్చు అంది డాక్టరమ్మ. మాధవి దారి పొడవునా నవ్వుతూ, ఏడుస్తూ కారు నడిపింది. ఇంటికి రాగానే అపార్ట్‌మెంట్ గ్రూపులో రాసింది. మా ఇంట్లో స్పీకర్లు బిగించిన అన్న మా ఆయన చెవిని కాపాడాడు, ఆయనకు పదకొండేళ్లుగా కుడి చెవి వినిపించదు, అందుకే కనిపెట్టగలిగాడు, అంత మంచి మనిషిని మీరూ పనికి పిలవండి, ఇదిగో నంబరు.

నేను స్నానం చేసి వచ్చేసరికి దానికింద దండాలూ, పువ్వులూ వరుసగా పడుతున్నాయి. వాటి మధ్యలో మూడో బ్లాక్‌లో ఉండే ఒకతను రాసింది చూశాను. "ఒక చెవి వినిపించని మనిషి సౌండ్ ఎలా సెట్ చేస్తాడండి? మా ఇంట్లో ఈ వారం మొదలుపెట్టాల్సింది. ఆలోచించుకోవాలి."

ఫోన్ పట్టుకుని మాధవి దగ్గరికి వెళ్లాను.

"ఎందుకు రాశావు అది?" అన్నాను.

"ఏం తప్పు రాసినా?" అంది మాధవి.

చెప్పాను. ఆమె మంచం మీద కూలబడింది. "నువ్వు చెప్పలేదు కదా, దాచిపెట్టిన సంగతని," అంది. నిజమే. తప్పు నాది. ఆమె ఆ మెసేజ్ తీసేసింది గానీ, అప్పటికే చూడాల్సిన వాళ్లంతా చూశారు. ఆయనకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మరునాడు నాలుగుసార్లు చేశాను. మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. పదిరోజులపాటు రోజూ పొద్దునే ఫోన్ చేసి అడిగిన మనిషి ఇప్పుడు నా ఫోన్ ఎత్తడం లేదు. 

ఆదివారం పొద్దున వెతుక్కుంటూ బయల్దేరాను. మా గేటునుంచి పెద్ద దూరమేమీ కాదు. చెరువు దాటి, బండల కింద మిగిలిన పాత ఊరి సందుల్లో ఇద్దర్ని అడిగితే చూపించారు. నీలం తలుపు. మెట్ల కింద తుప్పు పట్టిన మైకు గొట్టం ఒకటి బోర్లించి ఉంది. తలుపు తీసింది ఆయన భార్య అని చూడగానే తెలిసింది.

"స్పీకర్ల సారు మీరేనా?"

"నేనేనమ్మా."

"లోపటికి రా బిడ్డా. కూసో."

ఆమె మొహంలో కోపముందో లేదో పోల్చుకోలేకపోయాను. ఆయన లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"అన్నా, తప్పు నాది," అన్నాను నిలబడే. "మా ఆవిడకు తెలియదు. నేను చెప్పి ఉండాల్సింది."

ఆయన నోరు తెరిచేలోగా ఆమె అందుకుంది.

"మొన్న మీ బిల్డింగ్‌ల ఒక మేడం ఫోన్ చేసింది. నేనెత్తిన. మీ ఆయనకు ఒక చెవి ఇనపడకపోయినా ఎంత మంచి పని చేసిండమ్మా అన్నది. రాంగ్ నంబర్ అనుకున్న. మా ఆయనకు రెండు చెవులు మంచిగనే ఉన్నయమ్మా అని పెట్టేసిన."

నేను ఆయన వైపు చూశాను. ఆయన నేలను చూస్తున్నాడు.

"అంటే మీకు కూడా..."

"నాకు గూడ చెప్పలే." ఆమె గడప మీద కూర్చుంది. "పదకొండేండ్లు బిడ్డా. ఎనుక నుంచి పిలిస్తే పలుకకపోతుండె. పక్క మీద ఏదన్న చెప్పుకుంటే ఆ గోడకు చెప్పినట్టుండె. ఈ మనిషికి నేనంటే ఖాతరు లేదు అనుకున్న. పిల్లల పెండ్లిళ్లయినయి, ఇగ నాతోని ఏం పని అనుకుంటున్నడేమో అనుకున్న. నేను గూడ మాట్లాడుడు తక్కువ చేసిన. కూరలకు ఉప్పు సరిపోయిందా అని గూడ అడుగుడు బంద్ చేసిన."

"మంచి చెవి కింద పెట్టుకుని పండుకుంట సార్," అన్నాడాయన మెల్లగా. "అలవాటు. ఆమె ఎప్పుడు మాట్లాడుతున్నదో నాకేం తెలుసు."

"నాకు చెప్తే ఏం పోతుండె?"

"పని పోతుండె. నీకు చెప్తే నీ చెల్లెకు చెప్తవు, ఆమె ఊరంత చాటుతది."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, కాదనలేదు.

"నిజం చెప్పాల్నంటే కోపం వచ్చింది సార్," అన్నాడు నాతో. "ఒక దినమంత బాగ వచ్చింది. మీ నంబర్ కనవడితే ఎత్తబుద్ధి కాలే. రెండో దినం ఈమె ఫోన్ గుంజుకుని నన్ను దవాఖానకు తీస్కపోయింది. అందుకే మీ ఫోన్లు మల్ల ఎత్తలే." చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నాకిచ్చాడు. చెవి పరీక్ష కాగితం. నాకు ఇప్పుడు ఆ గీతలు చదవడం వచ్చు. కుడి చెవి గీత అడుగున ఉంది. ఎడమ చెవి గీత పైన, దాదాపు ఎక్కడా వంగకుండా పోతోంది.

"ఆ చెవి పోయినంక నేను మల్ల ఎన్నడు డాక్టర్ తాన కూసోలే," అన్నాడు. "ఉన్నది గూడ పోతున్నదని చెప్తరేమోనని భయం. రోజు పొద్దుగాల లేస్తనే ఈ చెవి తాన వేళ్లు రుద్దుకుంటుంటి. పదకొండేండ్లు రుద్దుకున్న సార్. డాక్టర్ కాయితం చూసి, ఈ చెవికి ఏం రోగం లేదు పెద్దాయనా, నిమ్మలంగ ఉండు అన్నడు. ఆ దినం పొద్దందాక పండుకున్న. అంత నిద్ర ఎన్నడు పోలే."

నేను పదిరోజులు చేసిన పని ఆయన పదకొండేళ్లు చేశాడు. కాగితాన్ని మళ్లీ మడతపెట్టి తిరిగిచ్చాను.

"మరి పని?" అన్నాను. అసలు అడగడానికి వచ్చింది అదే.

"ఒకాయన వద్దన్నడు. ఇద్దరు రమ్మన్నరు. ఇంకొకామెకు స్పీకర్లు వద్దంట, ఆమె చెవులు చూడమంటది. నేను డాక్టర్‌ను గాదమ్మా అని చెప్పిన, ఇంటలేదు."

ఆయన మొహంలో నవ్వు కనిపించింది. అప్పుడుగానీ కూర్చోలేదు. మాధవి ఇంటి దగ్గర ఫోన్ పట్టుకుని ఎదురు చూస్తోందని గుర్తొచ్చి, 'అంతా బాగుంది' అని మెసేజ్ పెట్టాను.

"మీ ఇంట్ల జాలీ ఒకటి ఊడదీసి అట్లనే పెట్టిన," అన్నాడు. "రేపు వచ్చి బిగిస్త. ఇగ దాచేది లేదు, పరీక్ష మీతోని గూడ చేపిస్త, మేడంతోని గూడ చేపిస్త."

ఆమె మూడు గ్లాసుల్లో టీ తెచ్చింది. నాకొకటి, ఆయనకొకటి ఇచ్చి, తన గ్లాసు పట్టుకుని మంచం చుట్టూ తిరిగి వెళ్లి ఆయన ఎడమవైపు కూర్చుంది. టీ ఒక గుక్క తాగి, ఆయన వైపు వంగి ఏదో అంది. ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వుతుంటే గ్లాసులోంచి టీ చొక్కా మీద ఒలికింది. ఆమె కొంగుతో తుడుస్తూ ఇంకేదో అంది, ఆయన మళ్లీ నవ్వాడు.

నేను వాళ్లకు రెండు బారల దూరంలోనే ఉన్నాను. అయినా ఆమె ఏమందో నాకు వినిపించలేదు. ఈసారి తప్పు నా చెవిలో లేదు. అది ఆయనకు చెప్పిన మాట.